సింక్ 24 గంటలూ నడుస్తుంటే హార్డ్ డిస్క్ త్వరగా పోతుందా?

కొత్తఫోల్డర్:

మూడు మెషీన్ల మధ్య ఫైళ్లని ఒకేలా ఉంచే సింక్‌థింగ్ అనే ప్రోగ్రామ్ పెట్టాను. ఒకటి విండోస్ డెస్క్‌టాప్. సిస్టమ్ చిన్న ఎస్‌ఎస్‌డీ మీద ఉంది, డేటా అంతా 4 టీబీ 3.5 అంగుళాల హార్డ్ డిస్క్ మీద ఉంది. సింక్ ఫోల్డర్లన్నీ ఈ హార్డ్ డిస్క్‌లోనే. రెండోది ల్యాప్‌టాప్, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ. మూడోది రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డు, దానికి 2 టీబీ 2.5 అంగుళాల యూఎస్‌బీ డిస్క్ తగిలించి ఉంది. బోర్డు సిస్టమ్ ఎస్‌డీ కార్డు నుంచి నడుస్తుంది. డెస్క్‌టాప్, బోర్డు రెండూ రాత్రింబవళ్లు ఆన్‌లోనే ఉంటాయి. సింక్‌లో ఉన్నది దాదాపు 380 జీబీ, 2 లక్షల ఫైళ్లు: ఫొటోలు, డాక్యుమెంట్లు, ప్రాజెక్టు కోడ్, థండర్‌బర్డ్ మెయిల్ ప్రొఫైల్.

డెస్క్‌టాప్ డిస్క్ లైటు ఎప్పుడు చూసినా మినుకుమంటూనే ఉంటుంది. మెషీన్‌ని ఎవరూ ముట్టుకోనప్పుడు కూడా ఒకటి రెండు నిమిషాలకోసారి టక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. ఇలా ఆగకుండా సింక్ నడిస్తే డిస్క్ ఆయుష్షు తగ్గుతుందా? రోజుకి రెండుసార్లే నడిచేలా షెడ్యూల్ పెట్టుకోవడం మేలా? అంతా ఎస్‌ఎస్‌డీకి మార్చేస్తే ఈ బెంగ తీరుతుందా, లేక ఎస్‌ఎస్‌డీకి రాతలు ఇంకా చేటా?

స్పిండిల్:

దీనికి హార్డ్ డిస్క్ విషయంలో ఒక జవాబు, ఎస్‌ఎస్‌డీ విషయంలో ఇంకో జవాబు. ఎస్‌డీ కార్డు సంగతి మళ్లీ వేరు. ముందు హార్డ్ డిస్క్ గురించి చెప్తాను.

ప్లాటర్ (డిస్క్ లోపల తిరిగే పళ్లెం) మీది అయస్కాంత పూత రాయడం వల్ల అరగదు. ఫ్లాష్ మెమరీకి ఉన్నట్టు ఇన్నిసార్లు రాస్తే అయిపోయిందన్న లెక్క దానికి లేదు. చదివి రాసే హెడ్ కూడా ప్లాటర్‌కి తగలదు, తిరిగే ప్లాటర్ పుట్టించే గాలి పొర మీద కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుతూ ఉంటుంది. స్పిండిల్ మోటారుది ద్రవ బేరింగు. ఒకే వేగంతో తిరుగుతున్నంతసేపూ సన్నటి నూనె పొరే బరువంతా మోస్తుంది, లోహం లోహానికి రాసుకోదు. కాబట్టి తిరుగుతూ ఉండడం, మధ్యమధ్యలో కాస్త చదవడం, కాస్త రాయడం ఆ డిస్క్‌కి శ్రమే కాదు.

శ్రమ వేరే చోట ఉంది. మోటారు పూర్తిగా ఆగి మళ్లీ లేవడం మొదటిది. 3.5 అంగుళాల డిస్క్ లేచే ఆ కొన్ని సెకన్లలో 12 వోల్టుల లైను మీద 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, బేరింగులో నూనె పొర ఇంకా కుదురుకోనిది కూడా అప్పుడే. రెండోది హెడ్ పార్కింగ్. కాసేపు పని లేకపోతే డిస్క్ తనంతట తానే హెడ్‌లని ప్లాటర్ అంచున ఉన్న ర్యాంపు మీదికి ఎక్కించేస్తుంది, పని రాగానే దించుతుంది. ఆ ఎక్కడం దిగడంలోనే నిజమైన రాపిడి. డేటాషీట్లలో దీనికి 3 లక్షలు అనో 6 లక్షలు అనో హద్దు రాసి ఉంటుంది. మీకు వినిపించే టక్కు ఇదేనని నా గట్టి అనుమానం. మూడోది వేడి, అది తర్వాత.

చదవడం రాయడానికి కూడా ఒక లెక్క ఉంది. ఆ పని చేసేటప్పుడు హెడ్‌లోని సన్నటి హీటరు దాన్ని ప్లాటర్‌కి ఇంకాస్త దగ్గరకి దించుతుంది. అందుకే హార్డ్ డిస్క్ తయారీదారులు పనిభారాన్ని చదివినవీ రాసినవీ కలిపి చెప్తారు. మామూలు డెస్క్‌టాప్ డిస్కులకి ఏడాదికి 55 టీబీ, నాస్ (నెట్‌వర్క్ స్టోరేజీ పెట్టె) డిస్కులకి 180 టీబీ, డేటా సెంటర్ డిస్కులకి 550 టీబీ అని డేటాషీట్లలో కనిపిస్తుంది. 55 టీబీ అంటే రోజుకి 150 జీబీ. రోజుకి ఓ 2 జీబీ కొత్త ఫొటోలు, డాక్యుమెంట్లు కదిలే సింక్ దాని దరిదాపుల్లోకి కూడా పోదు.

గూగుల్ 2007లో తన లక్షకు పైగా డిస్కుల లెక్కలు విశ్లేషించి ప్రచురించింది. ఎక్కువ పని చేసే డిస్కే ముందు పోతుందన్న సంబంధం అందులో బాగా కొత్త డిస్కుల్లో, బాగా పాతబడినవాటిలో తప్ప స్పష్టంగా తేలలేదు. తేలింది ఇంకొకటి: మొదటి స్కాన్ ఎర్రర్ (డిస్క్ తన ఉపరితలాన్ని తనే పరీక్షించుకునేటప్పుడు దొరికే లోపం) కనిపించిన డిస్క్ తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం, అలాంటి ఎర్రర్ లేని డిస్క్ కంటే 39 రెట్లు ఎక్కువ. అంటే ఎంత పని చేసిందన్నదాని కన్నా డిస్క్ తనే చెప్పే గుర్తులు ముఖ్యం.

ఆ గుర్తులు ఇక్కడ పెట్టండి. డిస్క్ తన గురించి తనే రాసుకునే స్మార్ట్ లెక్కలు చూపించే ప్రోగ్రామ్ క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో. అందులో రా వాల్యూలు, అంటే అసలు అంకెలు, మామూలుగా హెక్సాలో (16 ఆధారంగా రాసే అంకెల్లో) ఉంటాయి. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, అందులో రా వాల్యూస్, అక్కడ 10 డెసిమల్ ఎంచుకోండి. ఎడమ పక్కనున్న ఐడీలు మాత్రం హెక్సాలోనే ఉంటాయి కాబట్టి 193 (హెడ్ పార్కింగ్‌లు) కోసం సీ1, 197 (చదవలేక అనుమానంలో పెట్టిన సెక్టార్లు) కోసం సీ5, 198 (సరిచేయలేని సెక్టార్లు) కోసం సీ6, 199 (కేబుల్ ఎర్రర్లు) కోసం సీ7 చూడాలి. 241, 242 అక్కడ ఎఫ్1, ఎఫ్2 అని కనిపిస్తాయి. వీటితో పాటు 04, 05 (పాడై మార్చేసిన సెక్టార్లు), 09, సీ2 కూడా కావాలి. సీగేట్ డిస్క్ అయితే 01, 07 ఎదురుగా కోట్లలో సంఖ్యలు కనిపిస్తాయి. వాటిని చూసి కంగారు పడొద్దు, అవి నేరుగా ఎర్రర్ల సంఖ్య కావు, జరిగిన మొత్తం పనిని కూడా కలిపి ప్యాక్ చేసిన విలువలు.

హ్యాష్‌బ్లాక్:

స్పిండిల్ గారు డిస్క్ వైపు చెప్పారు, నేను సింక్ ప్రోగ్రామ్ వైపు చెప్తాను. మినుకుమనే లైటు చూసి 380 జీబీని పదేపదే చదివేస్తోందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు.

సింక్‌థింగ్‌లో ఫైళ్ల మార్పులు పట్టేది వాచర్. ఫలానా ఫైలు మారిందని ఆపరేటింగ్ సిస్టమే దానికి కబురు చేస్తుంది, అందుకోసం డిస్క్‌ని గాలించనక్కర్లేదు. కబురు వచ్చాక 10 సెకన్లు ఆగి ఆ ఫైలుని మాత్రమే చూస్తుంది. ఇది కాక 3,600 సెకన్లకోసారి, అంటే గంటకోసారి, ఫోల్డర్ మొత్తం స్కాన్ ఉంటుంది. ఆ స్కాన్‌లో కూడా ప్రతి ఫైలు సైజు, మార్పు సమయం లాంటివే పోల్చుకుంటుంది, లోపలి డేటా తెరవదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఒక్కో ఫైలు రికార్డు 1 కేబీ. 2 లక్షల ఫైళ్లకి 200 ఎంబీ. ర్యామ్ చాలినంత ఉంటే ఇదంతా క్యాష్ నుంచే వస్తుంది. అస్సలు క్యాష్ లేదనుకున్నా గంటకి 200 ఎంబీ చొప్పున రోజుకి 5 జీబీ లోపే.

చిక్కంతా పెద్ద ఫైళ్లతో. ఫైలులో ఒక్క బైటు మారినా సింక్‌థింగ్ ఆ ఫైలంతా మొదటి నుంచి చివరిదాకా చదివి మళ్లీ హ్యాష్ (డేటా నుంచి లెక్కగట్టే చిన్న గుర్తు) కడుతుంది. ఏ బ్లాకు మారిందో తెలియాలంటే వేరే దారి లేదు. అందుకునే వైపు ఇంకా ఎక్కువ పని. నెట్‌వర్క్ మీద వచ్చేది మారిన బ్లాకులే, కానీ డిస్క్ మీద కొత్త తాత్కాలిక ఫైలు పూర్తి సైజులో తయారవుతుంది. మారని బ్లాకులని పాత ఫైలు నుంచి చదివి అందులోకి కాపీ చేసి, కొత్తవి కలిపి, చివర్లో పేరు మార్చి పాతదాని స్థానంలో పెడుతుంది. ఇలా మారిన ముక్కలే పంపే డెల్టా సింక్ ఆదా చేసేది బ్యాండ్‌విడ్త్‌నే, డిస్క్ రాతలని కాదు. ఆర్‌సింక్ అనే ఫైళ్ల కాపీ ప్రోగ్రామ్ కూడా ఇన్‌ప్లేస్ ఆప్షన్ ఇవ్వకపోతే ఇలాగే కొత్త కాపీ కడుతుంది.

మీ జాబితాలో నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది థండర్‌బర్డ్ ప్రొఫైల్. అందులో ఇన్‌బాక్స్ అనే ఫైలు సైజు ఎంతుందో చూడండి. మామూలు సెట్టింగ్‌లో ఫోల్డర్‌లోని మెయిళ్లన్నీ ఒకే ఫైలులో వరసగా ఉంటాయి, కొత్త మెయిల్ వస్తే చివర్లో అతుక్కుంటుంది.

కొత్తఫోల్డర్:

ఇద్దరికీ ధన్యవాదాలు. డెస్క్‌టాప్ డిస్క్ లెక్కలు ఇవి. 04 స్టార్ట్ స్టాప్ 310. 05 సున్నా. 09 పవర్ ఆన్ అవర్స్ 6,200. సీ1 లోడ్ సైకిల్ 1,86,000. సీ2 ఉష్ణోగ్రత 41. సీ5, సీ6 సున్నా. సీ7 సీఆర్‌సీ ఎర్రర్లు 14. ఎఫ్1 రాసినవి దాదాపు 586 కోట్లు, ఎఫ్2 చదివినవి దాదాపు 2,400 కోట్లు. ఇన్‌బాక్స్ ఫైలు 6 జీబీ.

రాసినదానికి నాలుగు రెట్లు చదవడం ఏమిటో అర్థం కాలేదు. సీఆర్‌సీ 14 అంటే డిస్క్ పాడవుతున్నట్టా?

స్పిండిల్:

సీఆర్‌సీ ఎర్రర్లు డిస్క్‌కీ డెస్క్‌టాప్ మదర్‌బోర్డుకీ మధ్య కేబుల్ మీద వచ్చేవి, ప్లాటర్‌కి సంబంధం లేదు. ఈ లెక్క ఎప్పటికీ వెనక్కి తగ్గదు. 14 దగ్గరే నిలిచిపోతే పాత సంగతి, వదిలేయండి. పెరుగుతుంటే సాటా కేబుల్ మార్చండి, రెండు కొసలూ గట్టిగా కూర్చున్నాయో లేదో చూడండి.

ఇప్పుడు పనిభారం. ఈ డిస్క్‌లో ఎఫ్1, ఎఫ్2 లెక్క 512 బైట్ల ముక్కల్లో ఉందనుకుందాం. 586 కోట్లని 512తో గుణిస్తే 3 టీబీ. 2,400 కోట్లకి 12.3 టీబీ. 6,200 గంటలు అంటే ఆగకుండా 258 రోజులు. రోజుకి రాసింది 12 జీబీ లోపు, చదివింది 48 జీబీ లోపు. రెండూ కలిపి ఏడాదికి 21 నుంచి 22 టీబీ. 55లో ఐదింట రెండు వంతులు. డిస్క్‌కి ఇబ్బంది లేదు, కానీ 380 జీబీ ఇంటి డేటాకి అన్ని చదువులు ఉండాల్సిన అవసరమూ లేదు.

అసలు విషయం లోడ్ సైకిల్. 1,86,000ని 6,200తో భాగిస్తే గంటకి సరిగ్గా 30. అంటే రెండు నిమిషాలకోసారి హెడ్ ర్యాంపు ఎక్కి దిగుతోంది, మీకు వినిపించే టక్కుతో లెక్క సరిపోతోంది. మీ డిస్క్ హద్దు 3 లక్షలైతే మిగిలింది 1,14,000. ఇదే వేగంతో 3,800 గంటలు, అంటే 158 రోజులు. 6 లక్షలైతే ఏడాదిన్నర పైచిలుకు. ఆ సంఖ్య దాటిన మర్నాడు డిస్క్ ఆగిపోతుందని కాదు, ఎన్నో డిస్కులు దాటి కూడా నడుస్తాయి. కానీ తయారీదారు పరీక్షించి భరోసా ఇచ్చినది అక్కడిదాకానే, ఆ భరోసా ఉత్త పుణ్యానికి ఖర్చయిపోతోంది.

ఎందుకు ఇలా? డిస్క్ ఫర్మ్‌వేర్ కొన్ని సెకన్లు పని లేకపోతే పార్క్ చేస్తుంది. కొన్ని వెస్టర్న్ డిజిటల్ మోడళ్లలో ఆ గడువు 8 సెకన్లే. మీ మెషీన్‌లో రెండు నిమిషాలకోసారి ఏదో ఒకటి డిస్క్‌ని తడుముతోంది. నిండా పని ఉంటే హెడ్ దిగే ఉంటుంది. అస్సలు పని లేకపోతే ర్యాంపు మీదే ఉంటుంది. అప్పుడొకటి అప్పుడొకటి వచ్చే చిల్లర పనే దానికి శత్రువు. కాబట్టి ఆగకుండా సింక్ నడవడం తప్పు కాదు, పార్కింగ్ గడువుతో దాని లయ కుదరకపోవడమే తప్పు.

సరిచేయడానికి రెండు దారులున్నాయి, రెండూ చేయండి.

తడిమేది ఎవరో కనిపెట్టడం ఒకటి. రిసోర్స్ మానిటర్ తెరిచి డిస్క్ ట్యాబ్‌లో డిస్క్ యాక్టివిటీ భాగం చూస్తే ఏ ప్రాసెస్ ఏ ఫైలుని చదువుతోందో రాస్తోందో వరసగా కనిపిస్తుంది. మెయిల్ క్లయింటు, విండోస్ సెర్చ్ ఇండెక్సింగ్, యాంటీవైరస్ ఈ మూడూ ముందు అనుమానించాల్సినవి. సింక్ ఒక ఫైలు రాయగానే యాంటీవైరస్ దాన్ని చదువుతుంది, తర్వాత ఇండెక్సర్ చదువుతుంది. ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో సింక్ ఫోల్డర్లని తీసేయండి. యాంటీవైరస్‌ని మాత్రం ఆపొద్దు.

పార్కింగ్ గడువు పెంచడం రెండోది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో అదే అడ్వాన్స్‌డ్ ఫీచర్ కింద ఏఏఎం, ఏపీఎం కంట్రోల్ ఉంటుంది. డిస్క్ ఏపీఎంకి (కరెంటు పొదుపు సెట్టింగ్‌కి) సపోర్ట్ ఇస్తే విలువని 254కి, అంటే హెక్సాలో ఎఫ్‌ఈకి, తీసుకెళ్లండి. చాలా డిస్కులు కరెంటు తీసేస్తే ఈ సెట్టింగ్ మర్చిపోతాయి, అందుకే ప్రోగ్రామ్ మెషీన్‌తో పాటే మొదలయ్యి ఆ విలువని మళ్లీ పెట్టేలా ఆటో ఆప్షన్ కూడా ఆన్ చేయాలి. లినక్స్‌లో ఇదే పని హెచ్‌డీపార్మ్ క్యాపిటల్ బీ ఆప్షన్‌తో అవుతుంది. ఏపీఎం గడి బూడిదరంగులో ఉండి నొక్కనివ్వకపోతే, 8 సెకన్ల టైమర్ ఉన్న వెస్టర్న్ డిజిటల్ డిస్కులకి లినక్స్‌లో ఐడిల్3 టూల్స్ ఉన్నాయి. సీగేట్ వాటికి ఓపెన్‌సీచెస్ట్ ఉంది. ఐడిల్3తో గడువు మార్చాక రీస్టార్ట్ చాలదు, మెషీన్ పూర్తిగా ఆపి కరెంటు తీసి పెట్టాలి. 300 సెకన్ల దగ్గర పెడితే రెండు నిమిషాలకోసారి వచ్చే పని మధ్యలో పార్కింగ్ జరగదు.

హ్యాష్‌బ్లాక్:

నాలుగు రెట్ల చదువుల గుట్టు ఇన్‌బాక్సే అనుకుంటున్నాను. 6 జీబీ ఫైలుని రోజుకి 8 సార్లు హ్యాష్ చేస్తే 48 జీబీ. స్పిండిల్ గారు తేల్చిన సంఖ్య అదే.

ఒక్క మెయిల్‌కి జరిగేది చూడండి. రెండు లైన్ల మెయిల్ వచ్చింది, 5 కేబీ. అది ఇన్‌బాక్స్ ఫైలు చివర అతికింది. 10 సెకన్లకి వాచర్ లేచింది. డెస్క్‌టాప్ డిస్క్ 6 జీబీ చదివింది. 4 నుంచి 8 జీబీ మధ్య ఫైళ్లకి సింక్‌థింగ్ వాడే బ్లాకు సైజు 4 ఎంబీ కాబట్టి నెట్‌వర్క్ మీద వెళ్లింది 4 ఎంబీ. ల్యాప్‌టాప్ ఎస్‌ఎస్‌డీ 6 జీబీ పాత ఫైలు చదివి 6 జీబీ కొత్త ఫైలు రాసింది. బోర్డుకి తగిలించిన యూఎస్‌బీ డిస్క్ కూడా అంతే. 5 కేబీ మెయిల్‌కి మూడు డిస్కులూ కలిపి 30 జీబీ పని.

బోర్డు డిస్క్ లెక్క వేస్తే రోజుకి 48 జీబీ రాతలు, 48 జీబీ చదువులు, ఏడాదికి 35 టీబీ. మీరు బెంగపడాల్సింది డెస్క్‌టాప్ డిస్క్ కన్నా దాని గురించే. ల్యాప్‌టాప్ ఎస్‌ఎస్‌డీ రోజంతా ఆన్‌లో ఉంటే ఏడాదికి 17.5 టీబీ రాస్తుంది. 500 జీబీ టీఎల్‌సీ (సెల్‌కి మూడు బిట్లు దాచే) ఎస్‌ఎస్‌డీలకి వారంటీ రాతలు 300 టీబీ దగ్గర ఉంటాయి, అంటే 17 ఏళ్లు. ఎస్‌ఎస్‌డీకి సింక్ చేటా అన్న మీ మూడో ప్రశ్నకి అదే జవాబు: ఇంత దుబారాలో కూడా చేటు కాదు. ఎస్‌ఎస్‌డీకి చదువులు లెక్కలోకి రావు, రాతలే వస్తాయి. ఎన్‌వీఎంఈ అయితే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలోనే పర్సంటేజ్ యూజ్డ్ అనే విలువ నేరుగా కనిపిస్తుంది. లినక్స్ టూల్స్‌లో డేటా యూనిట్స్ రిటెన్ అని కనిపిస్తే ఒక్కో యూనిట్ 512 బైట్లు కాదు, 5,12,000 బైట్లు. దీన్ని మర్చిపోతే లెక్క వెయ్యి రెట్లు తప్పుతుంది.

చేయాల్సింది: థండర్‌బర్డ్ ప్రొఫైల్‌ని సింక్ నుంచి పూర్తిగా తీసేయండి. అరుగుదల అటుంచి, తెరిచి ఉన్న మెయిల్ ప్రొఫైల్‌ని సింక్ చేయడమే ప్రమాదం. ఇన్‌బాక్స్ ఒక క్షణానిది, దాని ఇండెక్సు ఇంకో క్షణానిది అవతలికి చేరతాయి. రెండు మెషీన్లలో ఒకేసారి తెరిస్తే సింక్ కాన్‌ఫ్లిక్ట్ పేరుతో 6 జీబీ ఫైళ్లు పోగవుతాయి. ఐమ్యాప్ వాడండి, మెయిళ్లు సర్వర్ ద్వారానే రెండు చోట్లా కనిపిస్తాయి. ప్రొఫైల్ బ్యాకప్ కావాలంటే థండర్‌బర్డ్ మూసేసి రోజుకొకసారి కాపీ తీయండి. ప్రొఫైల్‌ని డెస్క్‌టాప్ ఎస్‌ఎస్‌డీ మీదికి మారిస్తే హార్డ్ డిస్క్‌ని తడిమేది కూడా ఒకటి తగ్గుతుంది.

ఫోల్డర్ ఎడిట్‌లో ఇగ్నోర్ ప్యాటర్న్స్ ట్యాబ్ ఉంది. ప్రొఫైల్ ఫోల్డర్ పేరు ముందు స్లాష్ పెట్టి ఒక లైనుగా రాయండి. స్లాష్ ఉంటే సింక్ ఫోల్డర్‌లో పై వరసలోని ఆ పేరునే వదిలేస్తుంది, లేకపోతే లోపల ఎక్కడ ఆ పేరు కనిపించినా వదిలేస్తుంది. ఈ జాబితా ఒక మెషీన్ నుంచి ఇంకోదానికి సింక్ కాదు, మూడింట్లోనూ విడివిడిగా పెట్టాలి. ఇగ్నోర్ చేశాక అవతల ఉన్న పాత కాపీలు వాటంతట అవి పోవు, చేత్తో తీసేయండి.

ప్రాజెక్టు కోడ్‌లో నోడ్ మాడ్యూల్స్, బిల్డ్ అవుట్‌పుట్ ఫోల్డర్లని కూడా అక్కడే చేర్చండి. ఒక్క బిల్డ్‌కి వేల చిన్న ఫైళ్లు పుట్టి చస్తాయి, అవన్నీ మూడు మెషీన్లలో పుట్టి చావాల్సిన పని లేదు. గిట్ రిపోజిటరీలని గిట్‌తోనే అటూ ఇటూ చేర్చుకోండి.

ఇంకా మారే పెద్ద ఫైళ్లు మిగిలితే అడ్వాన్స్‌డ్ కాన్ఫిగరేషన్‌లో ఆ ఫోల్డర్ వాచర్ డిలేని 10 సెకన్ల నుంచి 300 చేయండి. గంటలో ఇరవైసార్లు సేవ్ చేసిన ఫైలు అప్పుడు కొన్నిసార్లే హ్యాష్ అవుతుంది. రోజుకి రెండుసార్ల షెడ్యూల్ వల్ల లాభం కూడా ఇలాంటి ఫైళ్లకే. ఫొటో ఒకసారి వచ్చి కూర్చుంటుంది, దాన్ని ఇప్పుడు పంపినా సాయంత్రం పంపినా డిస్క్‌కి పని ఒకటే.

చిన్నబోర్డు:

బోర్డు గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు, నాకు మాత్రం ఈ మొత్తం ఏర్పాటులో ముందుగా పోయేది ఎస్‌డీ కార్డే అనిపిస్తోంది. సింక్‌థింగ్ తన డేటాబేసుని హోమ్ డైరెక్టరీలో పెట్టుకుంటుంది. మీ బోర్డులో అది ఎస్‌డీ కార్డు మీద ఉన్నట్టే. 2 లక్షల ఫైళ్ల వివరాలు, బ్లాకుల హ్యాష్‌లు, ప్రతి మార్పుకీ చిన్నచిన్న రాతలు. ఎస్‌డీ కార్డు కంట్రోలరు ఎస్‌ఎస్‌డీలో ఉన్నంత తెలివైనది కాదు. 4 కేబీ రాయడానికి లోపల కొన్ని ఎంబీల బ్లాకుని చెరిపి తిరగరాయాల్సి రావచ్చు. కార్డు పోయేటప్పుడు చెప్పి పోదు. ఉన్నట్టుండి రీడ్ ఓన్లీ అయిపోతుంది, లేదా రాసినట్టే నటించి పాత డేటానే చూపిస్తుంది.

సర్వీసుని ఆపి, కాన్ఫిగరేషన్, డేటాబేస్ ఉన్న ఫోల్డర్‌ని యూఎస్‌బీ డిస్క్ మీదికి కాపీ చేసి, సర్వీసు ఫైలులో హోమ్ ఆప్షన్‌కి కొత్త దారి ఇవ్వండి. ఆ ఫోల్డర్‌లోనే డివైస్ కీలు కూడా ఉంటాయి కాబట్టి మొత్తంగా కాపీ చేయాలి. కీలు పోతే బోర్డుకి కొత్త డివైస్ ఐడీ వస్తుంది, మిగతా రెండిట్లో మళ్లీ చేర్చుకోవాలి. ఎఫ్‌స్టాబ్‌లో కార్డుకీ డిస్క్‌కీ నోఎటైమ్ (ఫైలు చదివిన ప్రతిసారీ ఆ సమయం రాయకుండా ఆపే ఆప్షన్) పెట్టండి. లాగులు రాసే జర్నల్‌డీ స్టోరేజీని వోలటైల్ చేస్తే సిస్టమ్ లాగులు ర్యామ్‌లోనే ఉంటాయి, రీబూట్‌తో పోతాయి.

డిస్క్‌కి కరెంటు ఇంకో సంగతి. రాస్ప్‌బెర్రీ పై 4లో యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి ఇచ్చేది 1.2 ఆంపియర్లు. 2.5 అంగుళాల డిస్క్ లేచేటప్పుడు 1 ఆంపియర్ దాకా లాగగలదు. ఇంకేదైనా తగిలించి ఉంటే డిస్క్ మధ్యలో ఊడిపోయి మళ్లీ కనిపిస్తుంది, రాస్తున్న ఫైలు సగంలో ఆగుతుంది. వేరే అడాప్టరు ఉన్న పవర్డ్ హబ్ పెట్టండి.

డిస్క్ ఊడిన సమయంలో సింక్‌థింగ్‌కి మౌంట్ పాయింట్ ఖాళీ ఫోల్డర్‌లా కనిపిస్తుంది. అప్పుడు ఫోల్డర్ మార్కర్ (సింక్ ఫోల్డర్‌ని గుర్తుపట్టడానికి తనే అందులో పెట్టుకునేది) లేదని ఎర్రర్ చూపించి ఆ ఫోల్డర్ సింక్‌ని ఆపేస్తుంది. అది మిమ్మల్ని కాపాడే ఎర్రర్. దాన్ని పోగొట్టడానికి మార్కర్ ఫోల్డర్‌ని చేత్తో సృష్టిస్తే, ఫైళ్లన్నీ మీరే తీసేశారనుకుని ఆ తొలగింపుని మిగతా రెండు మెషీన్లకీ పంపిస్తుంది. ముందు డిస్క్ మౌంట్ అయిందో లేదో చూడండి. డెస్క్‌టాప్‌లో ఫైల్ వర్షనింగ్ ఆన్ చేసి ఉంటే, ఒకవేళ తొలగింపు వచ్చినా పాత కాపీలు మిగులుతాయి.

2 టీబీ 2.5 అంగుళాల యూఎస్‌బీ డిస్కుల్లో ఎక్కువ ఎస్‌ఎంఆర్ రకం. ఒక ట్రాకు మీద ఇంకోటి కాస్త కప్పుతూ రాస్తాయి కాబట్టి మధ్యలో చిన్న ముక్క మార్చాలంటే ఆ పట్టీ అంతా చదివి తిరగరాయాలి. ముందు క్యాష్ ప్రాంతంలో రాసేసి, తర్వాత తీరిక దొరికినప్పుడు సర్దుకుంటాయి. సింక్ అయిపోయిందని స్క్రీన్ చెప్పాక కూడా లోపల పని నడుస్తూ ఉంటుంది, వెంటనే ప్లగ్ పీకొద్దు. మొదటిసారి 2 లక్షల ఫైళ్లు దించేటప్పుడు వేగం ఒక్కసారిగా పడిపోతే అది డిస్క్ చెడిపోయిన గుర్తు కాదు. నాస్ కోసం అమ్మిన వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో కొన్ని ఎస్‌ఎంఆర్ అని 2020లో బయటపడ్డాక ట్రాకులు కప్పుకోని సీఎంఆర్ రకం వాటికి రెడ్ ప్లస్ అనే పేరు పెట్టారు. కొత్తది కొనేటప్పుడు మోడల్ నంబరు పెట్టి ఏ రకమో చూసి కొనడం మంచిది.

హ్యాష్‌బ్లాక్:

బోర్డు డిస్క్ ఫైల్ సిస్టమ్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ లేదా రీఫ్లింక్ ఉన్న ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే, అడ్వాన్స్‌డ్‌లో కాపీ రేంజ్ మెథడ్ అనే సెట్టింగ్‌తో మారని బ్లాకులని తిరగరాయకుండా పాతవాటినే పంచుకునేలా చేయొచ్చు. ఎక్స్‌టీ4లో ఆ వీలు లేదు. దీనికోసమే డిస్క్‌ని ఫార్మాట్ చేయక్కర్లేదు, ఇన్‌బాక్స్ తీసేస్తే చాలావరకు తీరిపోతుంది.

వాచర్ పని చేయడం లేదని బోర్డులో ఎర్రర్ వస్తే ఐనోటిఫై (లినక్స్‌లో ఫైళ్ల మార్పులు కబురు చేసే ఏర్పాటు) పరిమితి చాలలేదని అర్థం. పాత కెర్నల్స్‌లో అది 8,192 మాత్రమే. సిస్‌సీటీఎల్‌లో 2,04,800 పెట్టండి. లెక్క ఫైళ్లకి కాదు, ఫోల్డర్లకి. వాచర్ ఆగిపోతే మార్పులు గంటకోసారి స్కాన్‌లోనే దొరుకుతాయి.

కొత్తఫోల్డర్:

ప్రొఫైల్‌ని ఎస్‌ఎస్‌డీకి మార్చి సింక్ నుంచి తీసేస్తున్నాను. ఇండెక్సింగ్, ఏపీఎం కూడా చేస్తాను. ఇంకొకటి మిగిలింది. పవర్ ప్లాన్‌లో హార్డ్ డిస్క్ 20 నిమిషాల తర్వాత ఆగిపోయేలా ఉంది. దాన్ని అలాగే ఉంచితే రాత్రిళ్లు డిస్క్‌కి విశ్రాంతి దొరుకుతుందా?

స్పిండిల్:

ఇప్పటిదాకా ఆ 20 నిమిషాలు పని చేయలేదు, రెండు నిమిషాలకోసారి ఏదో తడుముతుండడం వల్ల డిస్క్ ఆగనే లేదు. 04 లెక్క 310 దగ్గరే ఉండడానికి కారణం అదే. మీరు ఆ తడుములాట తీసేశాక 20 నిమిషాల గడువు నిజంగా అమల్లోకి వస్తుంది. గంటకోసారి స్కాన్ లేపుతుంది, 20 నిమిషాలకి ఆగుతుంది, మళ్లీ గంటకి లేస్తుంది. రోజుకి 24, ఏడాదికి 8,760 సార్లు. స్టార్ట్ స్టాప్ హద్దు 50,000 అని రాసిన డిస్క్‌కి అది 6 ఏళ్ల లోపే. ఒక సమస్య తీర్చబోయి ఇంకోటి తెచ్చుకున్నట్టవుతుంది.

పవర్ ప్లాన్‌లో ఆ గడువుని సున్నా, అంటే నెవర్, చేయండి. 3.5 అంగుళాల డిస్క్ ఊరికే తిరుగుతుంటే 4 నుంచి 5 వాట్లు తింటుంది, ఏడాదికి 35 నుంచి 44 యూనిట్లు. ఆ కరెంటు మిగలాలనుకుంటే రెండో దారి ఉంది. గంట స్కాన్‌ని 86,400 సెకన్లకి, అంటే రోజుకొకసారికి, మార్చి, రాత్రి సింక్‌థింగ్‌ని పాజ్ చేసి, డిస్క్‌ని ఒకేసారి ఏడెనిమిది గంటలు ఆగనివ్వండి. రోజుకి ఒకసారి ఆగి లేవడం వల్ల దానికేమీ కాదు. వాచర్ సరిగ్గా నడుస్తుంటే రోజుకొక్క స్కాన్ చాలు.

ఉష్ణోగ్రత 41 బాగానే ఉంది. 50 దాటి నిలబడిపోతుంటే ముందున్న ఫ్యాను దుమ్ము తీసి, గాలి డిస్క్ మీదుగా పోయేలా చూడండి.

అన్నీ మార్చాక ఈరోజు సీ1 విలువ రాసిపెట్టుకుని వారానికి మళ్లీ చూడండి. పాత లెక్కన అయితే వారానికి 5,040 పెరగాలి. మార్పులు పట్టి ఉంటే పదుల్లో ఉంటుంది, మహా అయితే వంద రెండు వందలు. ఇంకా వేలల్లో పెరుగుతుంటే ఏపీఎం సెట్టింగ్ రీబూట్ తర్వాత నిలబడలేదన్నమాట. నెలకోసారి సీ5, సీ6, 05 చూడండి, మూడు నెలలకోసారి స్మార్ట్ లాంగ్ టెస్ట్ పెట్టండి. 4 టీబీని మొత్తం చదవాలి కాబట్టి 7, 8 గంటలు పడుతుంది, రాత్రి పెట్టి వదిలేయొచ్చు. ఆ సమయంలో డిస్క్ ఆగిపోయే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే కొన్ని డిస్కుల్లో టెస్ట్ మధ్యలో రద్దవుతుంది. సీ5 సున్నా దాటితే టెస్ట్ తర్వాత, ముందు సింక్‌ని పాజ్ చేసి ఆ డిస్క్‌లోని డేటా వేరే డిస్క్‌కి కాపీ చేయండి.